సదాశివరావు గారి లివర్

ఆ సోమవారం పొద్దున సదాశివరావు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఘాజియాబాద్ ఫ్యాక్టరీలో ఏటా చేసే వైద్య పరీక్షల రిపోర్టు చూపించుకుని, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని ఫ్యాక్టరీ డాక్టరుకు చెప్పి, పదింటికల్లా సీట్లో కూర్చోవాలి. అంతే.

డాక్టరు రిపోర్టులో లివర్ అంకెలు చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఆప్ లేతే హై?"

విశాఖ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాని మనిషి, బీపీ మాత్రల సంగతనుకున్నాడు. "రోజ్ లేతా హూఁ జీ. సుబహ్ ఏక్, రాత్ కో దో!" అంటూ రోజూ పొద్దున ఒకటి, రాత్రి రెండు లెక్క గర్వంగా చెప్పాడు. తీసుకుంటారా అంటే అక్కడ తాగుతారా అని మర్యాదగా అడగడమట! ఎవరు చెప్పారు పాపం ఆయనకు? జ్వరం మాట ఎత్తేలోపే ఫైల్లో రాతపడింది: "రోజూ తాగుతాడు. లివర్ పాడైంది."

ఆయన చేతికిచ్చిన ఆ కాగితం నకలు సాయంత్రం భార్య సుభాషిణి చదివింది.

"ఇరవై రెండేళ్ల కాపరమండీ! నా కళ్లుగప్పి ఎక్కడ తాగుతున్నారు?"

"నీ మొహం! నేను చెప్పింది మందు గురించే!"

"చూశారా, మీ నోటితోనే ఒప్పుకున్నారు!"

దగ్గు సిరప్ తప్ప సీసా ముట్టి ఎరగని మనిషికి ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? కోపంతో ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రటి కళ్లు చూసి ఆవిడ బావురుమంది. ఏడుపు విని వచ్చిన పక్కింటి చోప్రా, ఒంటరిగా తాగడం ఆరోగ్యానికి మంచిది కాదనీ, శనివారాలు తమ ఇంటికి రమ్మనీ ఆప్యాయంగా పిలిచాడు. మర్నాడు లక్ష్మీ నగర్ నుంచి బావమరిది పెద్దిరాజు దిగి, బావగారిని తాగుడు మాన్పించే కేంద్రానికి లాక్కుపోయాడు.

"నేను తాగను!" అని సదాశివరావు బల్ల గుద్దాడు.

"సబ్ యహీ కహతే హై," అందరూ ఇదే అంటారని అక్కడివాళ్లు ఓదార్చారు.

"అయితే నా లివర్ స్కాన్ తీయించండ్రా! నా పరువు తీస్తారా?"

పట్టుబట్టి పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించుకున్నాడు. రిపోర్టు చూసిన డాక్టర్ మైథిలి అదృష్టవశాత్తూ తెలుగావిడ.

"మీ లివర్ శుభ్రంగా ఉందండీ. కుడి కిడ్నీలో గడ్డ ఉంది. కేన్సర్ లాగే కనిపిస్తోంది. ఒక్కోసారి గడ్డ కిడ్నీలో ఉన్నా, అది వదిలే పదార్థాల వల్ల లివర్ పరీక్షలు తేడాగా వస్తాయి, జ్వరమూ వస్తుంది. పేరానియోప్లాస్టిక్ సిండ్రోమ్ అంటాం."

"అంటే నేను తాగలేదన్నమాటేగా?"

"ఇది కేన్సరండీ!"

"అది తర్వాత. తాగలేదని ముందు మా ఆవిడకి చెప్పండి!"

పక్కనే ఉన్న సుభాషిణి ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు తాగినా బావుండేదండీ," అని ఏడ్చింది. ఆయన కోపం మొదటిసారి చల్లారింది, భయం మొదలైంది.

గడ్డ ఇంకెక్కడికీ పాకలేదు. కిడ్నీ తీసేశారు. రెండు నెలలకు లివర్ పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి. డ్యూటీలో చేరేముందు సదాశివరావు ఆ రిపోర్టు పట్టుకుని ఫ్యాక్టరీ డాక్టరు మీదికి దండెత్తాడు. ఆ పాత రాత కొట్టేయించి గాని కదలనని కూర్చుని, తనకు వచ్చిన హిందీలో జరిగిందంతా అరిచి చెప్పాడు.

డాక్టరు లివర్ అంకెలు మాత్రం చూశాడు. లేచి చెయ్యి కలిపి, అభినందించి, ఫైల్లో కొత్త వాక్యం రాశాడు: "తాగుడు మానేశాడు. కోపం ఇంకా తగ్గలేదు."