మామగారి చెవి కొలత

ఆదివారం పొద్దున పరదాల వ్యాపారి పెట్టుకున్న పని చాలా చిన్నది. మామగారు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు. అటునుంచి అటే లైబ్రరీకి వెళ్ళి పన్నెండుకి గానీ రారు. ఆలోపు కింది అంతస్తులోని ముందుగదిని టేపుతో కొలిచి, అందులో ఎన్ని తానులు పడతాయో లెక్క కట్టుకోవాలి. అంతే.

అతని జేబులో టేపు లేకుండా ఎవరూ చూడలేదు. మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజున, కాఫీ వచ్చేలోపు హాలు కిటికీ వెడల్పు కొలిచేశాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో అతని పేరు టేపు అల్లుడు. పై అంతస్తులో అతని కాపురం, కింద అత్తమామలు. మామగారు రేడియో స్టేషన్లో ముప్పై ఏళ్ళు సౌండ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ముందుగది ఆయన పాటలు వినే గది. గోడల నిండా రికార్డులు, వాటి పాటలన్నీ ఎక్కించుకున్న చిన్న ప్లేయర్, మధ్యలో ఒక కుర్చీ.

అల్లుడి షాపులో సరుకు మెట్లమీదికి వచ్చేసింది. ఇల్లు షాపుకి ఎదురుగానే ఉంది. అందుకే నాలుగేళ్ళుగా ఆ గదిమీద పెట్టుబడి పెడుతున్నాడు. పెట్టుబడి అంటే డబ్బు కాదు, ఓపిక. ప్రతి ఆదివారం మామగారి పక్కన గంటసేపు కూర్చుని, మైకు ఎంత దూరంలో పెడితే గొంతు ఎలా పలుకుతుందో విన్నాడు. ఒక్కసారి కూడా ఆవలించలేదు. ఆ పెట్టుబడి నిన్న రాత్రి ఫలించింది.

"ఈమధ్య ఏం విన్నా రుచించడం లేదోయ్," అన్నారు మామగారు. "రేపు సాయంత్రం ఐదింటికి ఆఖరుసారి కూర్చుని వింటాను. ఎల్లుండి నుంచి నీ తానులు తెచ్చి పెట్టుకో."

గది పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు పది. గుమ్మం మూడున్నర, తానులు అడ్డంగా తిప్పక్కర్లేదు. ఆ సంతోషంలో అంకెలు రాసుకుందామని కుర్చీలో కూర్చున్నాడు. తన కింద ఏదో కటుక్కుమంది.

లేచి చూస్తే మామగారి హెడ్‌ఫోన్. కూతురు మొదటి జీతంతో కొనిచ్చింది. ఆరేళ్ళుగా దాన్ని ఆయన తప్ప మరొకరు ముట్టుకోలేదు. ఈ సంగతి తెలిస్తే మామగారికి కోపం వస్తుంది, భార్యకి ఏడుపు వస్తుంది, గది మాత్రం రాదు. హెడ్‌ఫోన్‌ని సంచిలో వేసుకుని, గుట్టుచప్పుడు కాకుండా గేటు దాటాడు.

రెండు వీధుల అవతల రిపేరు షాపు ఉంది. అది నడిపే ఆవిడ స్క్రూడ్రైవర్‌తో చెవులమీది గిన్నెలు విప్పి, లోపల చూసి, తలెత్తకుండానే అడిగింది.

"ఎవరు కూర్చున్నారన్నయ్యా?"

"కూర్చున్నారని ఎలా తెలిసిందమ్మా?"

"పడితే అంచు పగులుతుంది. కూర్చుంటే లోపలి స్పీకర్ చినుగుతుంది. కావాలంటే కూర్చున్నవాళ్ళ బరువు కూడా చెప్తా."

"వద్దులే. సాయంత్రం ఐదింటికి కావాలి."

"ఈ స్పీకర్లు ఇప్పుడు రావడం లేదు. నా దగ్గర వేరేవి ఉన్నాయి. ఏదో ఆఫీసువాళ్ళు పాతసామాను కింద తీసేస్తే పెట్టెడు కొన్నా. ఈ గిన్నెల్లో సరిగ్గా పడతాయి. పైకి తెలీదు."

"మరి చెవికి?"

"చెవికి తెలుస్తుంది. అయినా దానికో దారుందిలే, ఈక్వలైజర్. సన్న శబ్దాలనీ లావు శబ్దాలనీ విడివిడిగా పెంచి తగ్గించే పది గీతలు. మీదేం వ్యాపారం?"

"పరదాలు."

"అయితే మీకు చెప్పడం సులువు. కిటికీకి ఒక గుడ్డ వేస్తే ఎండ పచ్చగా వస్తుంది, ఇంకో గుడ్డ వేస్తే నీలంగా వస్తుంది. ఎండ మాత్రం అదే. హెడ్‌ఫోన్ కూడా పరదానే. మీ పాతది బేసు పొంగిస్తుంది, మనుషుల గొంతులు అణిచేస్తుంది. నా స్పీకర్లు ఉన్నది ఉన్నట్టు వినిపిస్తాయి. రెండింటి లెక్కలూ నా దగ్గరున్నాయి. పాతది పొంగించే చోట మనం పైకి లాగాలి, అణిచేచోట కిందికి దించాలి. అప్పుడు ఇది దాని గొంతుతో పాడుతుంది."

"పాత చొక్కా కొలతలు తీసి కొత్త చొక్కాని ఆల్టర్ చేసినట్టు."

"అంతే. కాకపోతే చిన్న చిక్కు. ఈ కుట్టు హెడ్‌ఫోన్‌కి పడదు. ఆయన దాన్ని ఎందులో గుచ్చుకుని వింటారో అందులో వేయాలి." అని ఒక చీటీమీద పది అంకెలు వరసగా రాసిచ్చింది.

అల్లుడు వేళ్ళు మడిచాడు. మామగారి చేతిలో ఉండే మ్యూజిక్ ప్లేయర్, హాల్లో టీవీ, అత్తగారి ట్యాబ్. మూడు చోట్ల మూడు కుట్లు. ఒక్కోదానికి పది నిమిషాలు. వ్యాపారంలో ఇంతకంటే పెద్ద తప్పులే ఇంతకంటే తక్కువ ఖర్చుతో సర్దాడు కాబట్టి ధైర్యం వచ్చింది.

పదకొండున్నరకి హెడ్‌ఫోన్ మళ్ళీ కుర్చీలో ఉంది. పక్కనే ఉన్న ప్లేయర్‌ని తీసి ఈక్వలైజర్ తెరిచాడు. పది గీతలూ అప్పటికే ఎగుడుదిగుడుగా ఉన్నాయి. జేబులో వేలు తగిలి చెదిరిపోయి ఉంటాయనుకుని, అన్నిటినీ సున్నాకి తెచ్చి, చీటీలోని అంకెలు శ్రద్ధగా ఎక్కించాడు.

టీవీ దగ్గర అత్తగారు సీరియల్ చూస్తున్నారు.

"అత్తయ్యగారూ, కాస్త మంచినీళ్ళు ఇస్తారా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి వచ్చేలోపు రిమోట్‌తో పది గీతలూ మార్చేశాడు. హెడ్‌ఫోన్ కోసం వేసిన కుట్టు టీవీ స్పీకర్‌కి కూడా పడుతుందని అతను లెక్కలోకి తీసుకోలేదు. ఆవిడ గ్లాసు అందిస్తూ టీవీ వైపు చెవి తిప్పారు.

"ఈ కోడలుపిల్ల గొంతేంటి, ఇలా బొంగురుపోయింది?"

"జలుబేమోనండీ."

"అత్తగారికీ జలుబే? పక్కింటావిడకీ జలుబే? అందరికీ ఒకేసారి చేసిందా?"

"వానాకాలం సీనేమోనండీ," అని నీళ్ళు గడగడా తాగేశాడు.

ట్యాబ్ సంగతి ఇంకా వేగంగా ముదిరింది. అతను దానిలో అంకెలు ఎక్కించి బల్లమీద పెట్టాడో లేదో, అత్తగారి చెల్లెలు వీడియో కాల్ చేసింది.

"ఏమేవ్, అదేం గొంతే? డ్రమ్ములో తలపెట్టి మాట్లాడుతున్నావా?" అన్నారు అత్తగారు.

"నా గొంతు బాగానే ఉందక్కా. పొద్దున్నే ఇద్దరు బాగుందన్నారు కూడా."

"బాగుందన్నవాళ్ళు నీ మంచి కోరేవాళ్ళు కాదు. డాక్టర్‌కి చూపించుకో."

"నువ్వు చూపించుకో నీ చెవులు," అని చెల్లెలు కాల్ కట్ చేసింది.

అత్తగారు ట్యాబ్ బల్లమీద పెట్టేశారు. తర్వాత అల్లుణ్ణి మెల్లగా అడిగారు. "బాబూ, నీకు టీవీ ఎలా వినబడుతోంది?"

నిజం చెబితే టీవీ విప్పుతారు. టీవీ విప్పితే అంకెలు బయటపడతాయి. అంకెల వెనకాలే హెడ్‌ఫోన్ బయటపడుతుంది.

"మామూలుగానే వినబడుతోందండీ," అన్నాడు.

"అయితే నా చెవులే పోయాయన్నమాట," అన్నారావిడ. ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత శాంతంగా అన్నారు. ఆ శాంతమే అతనికి గుచ్చుకుంది.

అందుకని ఒక సర్దుబాటు చేసుకున్నాడు. మామగారు టీవీ దరిదాపుల్లో లేనప్పుడు అంకెలు తీసేయడం, ఆయన అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ ఎక్కించడం. పన్నెండుకి మామగారు వచ్చారు. భోజనం ముందు ఒకసారి, భోజనం అయ్యాక రెండుసార్లు, కళ్ళజోడు వెతుక్కుంటూ నాలుగుసార్లు హాల్లోంచి అటూ ఇటూ నడిచారు. హెడ్‌ఫోన్ జోలికి మాత్రం పోలేదు. ఆయన నడిచినప్పుడల్లా అల్లుడు రిమోట్ నొక్కాడు.

"ఇప్పుడు చక్కగా వినబడుతోంది," అన్నారు అత్తగారు. కాసేపటికి, "మళ్ళీ పోయింది." ఇంకాసేపటికి, "వచ్చింది." కళ్ళజోడు దొరికేసరికి ఆవిడ చెవులు ఏడుసార్లు పోయి ఏడుసార్లు వచ్చాయి.

పై అంతస్తునుంచి కూతురు పరుగున దిగివచ్చింది. ఆమె వచ్చేసరికి టీవీ బ్రహ్మాండంగా ఉంది.

"బాగానే ఉంది కదమ్మా?"

"నాకూ ఇప్పుడు బాగానే ఉందే. మీ నాన్న ఇటు వస్తే పోతోంది."

"నాన్న వస్తే పోవడమేంటి?"

"నలభై ఏళ్ళ కాపురం. చెవులు కూడా అలిసిపోయాయేమో."

కూతురికి నవ్వు రాలేదు. భర్తని పక్కకి లాగింది. "ఏమండీ, పూర్తిగా పోతే మిషన్ పెట్టించుకోవచ్చు. ఇలా వస్తూ పోతూ ఉండడమే ప్రమాదం. చెవుల డాక్టర్ ఐదున్నరకి రమ్మన్నాడు. అమ్మని తీసుకెళ్తున్నా, మీరు కూడా రావాలి."

అల్లుడు లోలోపల తక్కెడ పట్టాడు. ఒక తట్టలో పద్నాలుగడుగుల గది, రెండో తట్టలో అత్తగారి రెండు చెవులు. మామగారు ఐదింటికి వింటారు. ఐదుంపావుకి తను అంకెలన్నీ తుడిచేస్తాడు. ఆ చెవులు పావుగంటలో ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేయొచ్చు. గది చేజారితే మళ్ళీ దొరకదు.

"అలాగే వస్తా," అన్నాడు.

ఐదైంది. మామగారు ముందుగదిలోకి వెళ్ళారు. అల్లుడు చెప్పుల స్టాండు సర్దుతున్నట్టు గుమ్మం పక్కన చేరాడు. ఆయన హెడ్‌ఫోన్ తీసి, అటూ ఇటూ చూసి, తల చుట్టూ పెట్టుకుని, తీగని ప్లేయర్‌కి గుచ్చి కళ్ళు మూసుకున్నారు. పది సెకన్లలో కళ్ళు తెరిచారు. మొహం చిట్లించుకున్నారు.

"మళ్ళీ అదే ఢాం ఢాం," అని గొణుక్కున్నారు.

అల్లుడి ప్రాణం కుదుటపడింది. రిపేరు షాపావిడ అన్నంతా చేసింది. పాత హెడ్‌ఫోన్ గొంతు ఉన్నదున్నట్టు దిగింది. మామగారికి అది ఎందుకు నచ్చలేదన్న ప్రశ్న అతని లెక్కలో లేదు.

అప్పుడు మామగారు ప్లేయర్‌ని పక్కన పడేసి, మూలన గుడ్డ కప్పి ఉన్న పాత రేడియో దగ్గరికి నడిచారు. ఏడాదిగా ఆ గుడ్డ ఎవరూ తీయలేదు. దానికి రెండే మరలు. ఒకటి స్టేషన్‌కి, ఒకటి వాల్యూమ్‌కి. ఈక్వలైజర్ పెట్టడానికి అందులో చోటే లేదు. మామగారు తీగ గుచ్చి, మర తిప్పి, నిలబడినవారు నిలబడినట్టే ఉండిపోయారు. ఒక నిమిషం గడిచింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి.

కూతురిచ్చిన కానుక పాడైందని ఏడుస్తున్నారనుకుని, అంతకంటే ఆగడం అల్లుడి వల్ల కాలేదు. గదిలోకి వచ్చేశాడు.

"మామయ్యగారూ, కూర్చున్నది నేనే."

మామగారు ఒక చెవి తెరిచారు. "ఎక్కడ?"

"దానిమీద. పొద్దున. లోపలి స్పీకర్లు చినిగితే ఎవరో పాతసామాను కింద అమ్మేసినవి వేయించాను. తెలియకూడదని ప్లేయర్‌లో, టీవీలో, ట్యాబ్‌లో అంకెలు మార్చాను. అత్తయ్యగారి చెవులు నిక్షేపంగా ఉన్నాయి. తప్పయిపోయింది."

ఆ మాటలకి అత్తగారు, కూతురు బయల్దేరడానికి వేసుకున్న చెప్పులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మామగారు హెడ్‌ఫోన్ తీసి, గిన్నె విప్పి, కళ్ళజోడు సర్దుకుని లోపలి స్పీకర్‌మీద ముద్ర చూశారు.

"ఇవి మా స్టేషన్‌వి," అన్నారు. "ముప్పై ఏళ్ళు నా చెవిమీద ఉన్నవి. నేను రిటైరయ్యాక పారేశారట." కూతురి వైపు చూశారు. "అమ్మాయ్, నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు కొన్నది మంచిదే. కాకపోతే అందులో గాయకుడి కంటే డోలు వాయించేవాడు ముందు వినబడతాడు. ఆఫీసు హెడ్‌ఫోన్‌లా వినబడాలని ఆరేళ్ళుగా ప్లేయర్‌లో ఈ గీతలు పైకీ కిందకీ జరుపుతూనే ఉన్నాను. ఎంత జరిపినా ఎక్కడో కొద్దిగా తేడా. విసిగి, వినడమే మానేద్దామనుకున్నా."

ఎగుడుదిగుడు గీతలు అల్లుడికి గుర్తొచ్చాయి. తను ఒక పూటలో చెరిపేసినది ఆరేళ్ళ పని. తర్వాత రోజంతా ఇల్లంతా తిరిగి కష్టపడింది, మామగారికి దొరికిన గొంతుని మళ్ళీ దొరక్కుండా దాచడానికి.

"ఆరేళ్ళూ నచ్చకుండానే పెట్టుకున్నావా నాన్నా?" అంది కూతురు.

"నువ్వు కొన్నావని పెట్టుకున్నా. ఇప్పుడూ పైన నీదే ఉంది చూడు. లోపలిది నాది. ఇంతకంటే ఏం కావాలి?"

కూతురు ఏడుస్తుందనుకున్న అల్లుడికి ఆమె నవ్వడం చూసి ఆశ్చర్యం వేసింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. ట్యాబ్ తెచ్చి అల్లుడి చేతిలో పెట్టారు.

"నా చెవులు నాకు ఇచ్చేశావు, సంతోషం. మరి మా చెల్లెలి గొంతు? అది నువ్వే ఫోన్ చేసి ఇచ్చెయ్యి బాబూ. నేను పక్కన కూర్చుని వింటా."

అల్లుడు పిన్నత్తగారికి ఇరవై నిమిషాలు సంజాయిషీ చెప్పాడు. ఆవిడ గొంతు కోయిల గొంతని నాలుగుసార్లు ఒప్పుకున్నాక గానీ కాల్ తెగలేదు. చెవుల డాక్టర్‌కి రావడం లేదని కబురు వెళ్ళింది. అంతా చక్కబడిందని, ఇంత మంచి పని అనుకోకుండానైనా తన చేతుల మీదుగా జరిగింది కాబట్టి గది ఖాయమని అతను ముందుగదిలోకి ఉత్సాహంగా వచ్చాడు.

మామగారు కుర్చీలో లేరు. గోడ పక్కన నిలబడి రికార్డుల వరసలు దుమ్ము దులుపుతున్నారు. వయసు పదేళ్ళు తగ్గినట్టున్నారు.

"రా రా, నీకోసమే చూస్తున్నా. ఇన్నాళ్ళూ రుచించడం లేదని ఈ గది వదిలేద్దామనుకున్నానా? నీ పుణ్యమా అని ఇక రోజంతా ఇక్కడే నా మకాం. ఇవన్నీ మళ్ళీ మొదట్నుంచి వినాలి. ఆ మూలన ఇంకో అలమర పడుతుందేమో నీ టేపు తీసి కొలువు."

అల్లుడు టేపు తీశాడు. అలమర పడుతుంది.

"అలాగే ఆ కిటికీ కూడా చూడు. వీధి చప్పుడు లోపలికి రాకుండా నీ షాపులో మందపాటి పరదాలు ఉంటాయి కదా?"

కూర్చున్నది ఒక్క నిమిషం. పోయింది పద్నాలుగడుగుల గది, పరదాలు అదనం.