ముసలి పిల్లికి మెత్తటి భోజనం

ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడాలంటే ఒకటే దారి. ఇంట్లో పిల్లి ముసలిదవ్వాలి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో కర్టెన్ల రంగు మీద గానీ, కూరలో ఉప్పు మీద గానీ నాకూ మా ఆవిడకూ ఏకాభిప్రాయం కుదరలేదు. అలాంటిది, మా పిల్లి తిండి మానేసిన రోజున ఇద్దరం ఒకే సోఫాలో కూర్చుని, ఒకే ఫోన్‌లోకి చూస్తూ మూడు గంటలు మాట్లాడుకున్నాం. ఏ కౌన్సెలింగ్ సెంటర్ చేయగలదు ఈ పని?

పిల్లి పేరు ఇన్‌స్పెక్టరు. ఏ గిన్నె మూత తీసినా వచ్చి తనిఖీ చేస్తుంది గనక ఆ పేరు. దానికి పద్నాలుగేళ్లు నిండాయని మా ఆవిడ ‘సీనియర్ ఫార్ములా’ అనే ప్యాకెట్ మేత కొనుక్కొచ్చింది. ఇన్‌స్పెక్టరు వాసన చూసి, ముందు కాలితో నేల గీకి వెళ్లిపోయింది. వారంలో వెన్నుపూసలు లెక్కపెట్టేలా తేలాయి.

పరుగున పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. నోరు తెరవబోతే ఇన్‌స్పెక్టరు ఆమె చేతి తొడుగు చీరేసింది. ఇక లాభం లేదని ఆమె రెండు పేజీల ఫారం చేతికిచ్చి, రోజంతా దగ్గరుండి చూసేవాళ్లెవరో వాళ్లతోనే నింపించమంది.

రోజంతా ఇంట్లో ఉండేది మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసింది. నాలుగేళ్లుగా మా పక్క గదిలో ఉంటోంది. ఊరందరి మాటలూ విని అలసిపోయిందో ఏమో, తను మాత్రం పొదుపుగా మాట్లాడుతుంది. కళ్లజోడు పెట్టుకుని గంటసేపు కూర్చుని ఫారం నింపింది. గట్టివి నమలగలదా? లేదు. ఎన్నాళ్లుగా? రెండేళ్లు. ఒక వైపే నములుతుందా? అవును. సగం తిని వదిలేస్తుందా? అవును.

అది చదివి డాక్టరమ్మ చలించిపోయింది. నేనూ చలించిపోయాను. మా ఆవిడైతే కళ్లు తుడుచుకుంది. రెండేళ్లుగా ఒక ప్రాణి మన కళ్లముందు నమలలేక అల్లాడుతుంటే చూడలేదంటే మనం మనుషులమేనా?

ఆ రోజు నుంచి మా వంటింట్లో కొత్త శకం మొదలైంది. చేపను ఆవిరి మీద ఉడికించి, వేళ్లతో తడిమి తడిమి ముళ్లు తీసేవాళ్లం. గుమ్మడికాయ మెత్తగా చిదిమి కలిపేవాళ్లం. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా ఆవిడ గ్రాములు తూచి, ఏ పూట ఎంతో ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నేను నెమలి రంగు గిన్నె కొన్నాను. మధ్యాహ్నం పూట గోరువెచ్చగా చేసి పెట్టే బాధ్యత పెద్దమ్మకు అప్పగించాం. మాకందరికీ ఎప్పటిలాగే కరకరలాడే వేపుళ్లు, గట్టి రొట్టె. మనకేం, పళ్లున్నాయి కదా!

నెల తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు బొచ్చు నిగనిగలాడింది. ఇంకో నెలకు నడుము కనబడకుండా పోయింది. సరైన ఆహారమంటే ఇదీ అని ఆఫీసులో అందరికీ ఉపన్యాసాలిచ్చాను. ఇద్దరు సహోద్యోగులు నన్ను చూసి బల్ల మార్చుకున్నారు.

రెండో తనిఖీకి డాక్టరమ్మ తెలివిగా మత్తు ఇచ్చి నోరు తెరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత మమ్మల్ని చూసింది.

“పళ్లన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఇది మెత్తటి తిండి తిన్న ఒళ్లు కాదండీ. దీనికి వేపుళ్లు పెడుతున్నదెవరు?”

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి, చెప్పకుండా మధ్యాహ్నం ఇంటికొచ్చాం. పెద్దమ్మ బల్ల దగ్గర కూర్చుని, తన కంచంలో ముళ్లు తీసిన చేపా గుమ్మడి గుజ్జూ చెంచాతో నెమ్మదిగా తింటోంది. కుర్చీ కింద ఇన్‌స్పెక్టరు పెద్దమ్మ వంతు వేపుడును కటకటమని నములుతోంది. ఇద్దరి ముఖాల్లోనూ ఎంత ప్రశాంతత!

మమ్మల్ని చూసి పెద్దమ్మ కంగారు పడలేదు. చెంచా కింద పెట్టింది.

“ఫారంలో అలా ఎందుకు రాశావు పెద్దమ్మా?” అన్నాను.

“నమలడం కష్టంగా ఉందా అని అడిగారు నాయనా. ఉందని రాశాను. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు కదా అని.”

“మాతో చెప్పొచ్చుగా పెద్దత్తయ్యా,” అంది మా ఆవిడ.

“చెప్పానమ్మా. రెండుసార్లు. అప్పుడు మీరిద్దరూ సోఫాలో కూర్చుని పిల్లి గురించి మాట్లాడుకుంటున్నారు.”

అందుచేత పాఠకులారా, నా మాట మీదే నేను నిలబడుతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వెంటనే ఓ పిల్లిని పెంచండి. దాన్ని ముసలిది కానివ్వండి. దాని భోజనానికి మంచి చార్టు రాయించండి. పెద్దవాళ్లకు వేళకు ఇంత మెత్తటి తిండి దొరకాలంటే ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

నిన్న పెద్దమ్మను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అద్దం పెట్టి చూసి, మా ఇద్దరి వైపు తిరిగి, ఈవిడకు తినడానికి ఏవి ఇష్టం అని అడిగాడు. గ్రాములతో సహా పిల్లి భోజనం అప్పజెప్పగల మా ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసింది. వారం వారం ఈ పత్రికలో లోకంలోని ప్రతి విషయం మీదా అభిప్రాయం రాసే నేను గోడ గడియారం చూశాను.

మేం ఏం చెబుతామో విందామని పెద్దమ్మ కూడా మా వైపే చూస్తూ కూర్చుంది.