వీపీఎన్‌లో ఖాళీ లేదు

ఆ ఏడాది విశ్వవిద్యాలయం గోడలను జయించింది. ఇకమీదట ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, గ్రంథాలయంలోని పత్రికలు చదువుకోవచ్చునని, ప్రయోగశాల కంప్యూటర్లలో దాచుకున్న లెక్కలు తెరిచి చూసుకోవచ్చునని, ఇదంతా మూడో కంటికి తెలియకుండా పరమ భద్రంగా జరుగుతుందని ఉపకులపతి ప్రకటించారు. ఆ సేవ పేరు వీపీఎన్. దూరం నుంచే లోపలికి చేరుకునే ఈ సౌకర్యాన్ని ప్రారంభించడానికి అతిథులందరినీ ఎక్కడెక్కడి నుంచో స్వయంగా రప్పించారు. కంప్యూటరు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. ఉపకులపతి గారు రిబ్బనుతోపాటు దాని వెనకున్న తీగను కూడా కత్తిరించడంవల్ల సేవ కొంత ఆలస్యంగా మొదలైంది గాని, శుభకార్యాల్లో అలాంటివి పట్టించుకోకూడదు.

"జ్ఞానానికి తలుపులుండవు!" అన్నారాయన మైకు ముందు. "తలుపులున్నా తాళాలుండవు! తాళాలున్నా, ఆ తాళంచెవి నేటి నుంచి ప్రతి ఒక్కరి చేతిలో ఉంటుంది!"

ప్రతి ఒక్కరూ అంటే ఒక సమయంలో ముప్ఫై మంది అన్న సంగతి చప్పట్ల హోరులో ఎవరికీ వినబడలేదు. వేదికకూ విందుకూ పోగా మిగిలినదాంతో అంతమందికే అనుమతి కొనగలిగారు. ఇన్ని వేలమంది ఉన్న చోట ఒకేసారి ముప్ఫై మందికి మించి పని చేస్తారన్న అనుమానం కొనుగోలు సంఘానికి రాలేదు. సంఘంలో అందరూ అనుభవజ్ఞులే.

అందరూ ఇళ్ళ నుంచే పని చేస్తారు కనుక పరిశోధకుల గదిలో కంప్యూటర్లు దండగని తీసేశారు. ఆ గదిని వీపీఎన్ పర్యవేక్షణ కార్యాలయంగా మార్చారు. ప్రాంగణంలో చెట్టు కింద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచినవాళ్ళు కూడా, భద్రత దృష్ట్యా, బయట ఉన్నట్టే లెక్క అని ఉత్తర్వు వచ్చింది. ఆ విధంగా విశ్వవిద్యాలయం లోపల ఉన్నవాళ్ళు సైతం విశ్వవిద్యాలయం లోపలికి రావడానికి వీపీఎనే శరణ్యమైంది.

ఇలాంటి స్వర్ణయుగంలో చీమలమ్మాయి తన సిద్ధాంత గ్రంథం పూర్తి చేయవలసి వచ్చింది.

చీమలమ్మాయి అన్నది విభాగంలో పెట్టిన పేరు. ఇరుకు దారిలో ఎదురెదురుగా నడిచే చీమలు ఎందుకు తోసుకోవు, ఎవరు ఎవరికి దారిస్తారు అన్నది ఆమె పరిశోధన. ఏళ్ళ తరబడి గాజుపెట్టెల ముందు గొంతుక్కూర్చుని మెడ పట్టేసింది గాని, పని మాత్రం బంగారంలాంటి పని. చివరి అధ్యాయానికి కావలసిన లెక్కలన్నీ ప్రయోగశాల కంప్యూటర్లో ఉన్నాయి. అవీ ఇప్పుడు వీపీఎన్ మీదుగానే తెరుచుకుంటాయి. నెలాఖరులోగా గ్రంథాన్ని లోపలి నుంచే సమర్పించాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించడం నిబంధనల్లో లేదు. తప్పితే చీమలూ పోతాయి, చదువూ పోతుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముకకు ఆపరేషన్ చేసి, మంచం దిగొద్దని ఇంటికి పంపారు. చీమలమ్మాయి హాస్టల్ గది ఖాళీ చేసి ఊరి చివర ఉన్న ఇంటికి వచ్చేసింది.

"దానికేముందమ్మా! ఇంటి నుంచే చెయ్యి. వీపీఎన్ పెట్టింది మరెందుకు?" అన్నారు గైడు గారు ఫోన్లో, ఆ వీపీఎన్ తానే కనిపెట్టినంత ధీమాగా.

అమ్మ మంచం పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చీమలమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. ఫోనుకు అంకెలొచ్చాయి. అవీ కొట్టింది. తెర మీద తాళం బొమ్మ పచ్చబడితే లోపలికి వెళ్ళినట్టు. పచ్చబడలేదు. "గరిష్ఠ సంఖ్య పూర్తయినది. దయచేసి తరువాత ప్రయత్నించగలరు" అని వచ్చింది. అమ్మకు మందులిచ్చి ప్రయత్నించింది. బట్టలు ఆరేసి ప్రయత్నించింది. తెల్లవారుతూనే ప్రయత్నించింది, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ప్రయత్నించింది. తాళం ఎర్రగానే ఉంది.

"ఎవరే వాళ్ళు?" అంది అమ్మ పడుకున్నచోటు నుంచే. "ఎప్పుడు చూసినా లోపలే ఉంటారంటావు. అన్నానికైనా బయటికి రారా?"

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. ఫిర్యాదు నమోదు చేసే పేజీ వీపీఎన్ లోపల ఉందని, దయచేసి లోపలికి వెళ్ళి, లోపలికి వెళ్ళలేకపోతున్నానని రాయమని చెప్పారు.

ఒకరోజు పక్కింటి పిన్నిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి చీమలమ్మాయి రెండు బస్సులు మారి నెట్‌వర్క్ అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పెద్ద తెర ముందు తృప్తిగా కూర్చుని ఉన్నాడు. తెర మీద ముప్ఫై పచ్చచుక్కలు పచ్చలహారంలా మెరుస్తున్నాయి.

"నూటికి నూరు శాతం వినియోగం! ఏ విశ్వవిద్యాలయంలోనూ లేదిది," అన్నాడు.

"వాళ్ళంతా లోపల ఏం చేస్తున్నారు సార్?"

"ఏమీ చెయ్యడం లేదు. అందుకే ఇంత భద్రంగా ఉంది."

ప్రారంభోత్సవం నాడు లోపలికి వెళ్ళిన పెద్దలు మళ్ళీ బయటికి రాలేదట. బస్సు ఆగీ ఆగగానే కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు పడేసినట్టు, ఇంట్లో కంప్యూటరు వెలిగించి వదిలేశారు. మరీ ఎక్కువసేపు ఊరికే ఉంటే కనెక్షన్ తెగిపోయే ఏర్పాటు మొదట్లో ఉండేదట. ఆచార్యుల గౌరవానికి భంగమని సెనేట్ తీర్మానించి దాన్ని తీసేయించింది.

"ఒక్కరిని మీరే బయటికి పంపకూడదా సార్?"

"వాళ్ళను నేను పీకితే నన్ను వాళ్ళు పీకుతారమ్మా. నువ్వే వెళ్ళి బతిమాలుకో. అందరూ క్వార్టర్స్‌లోనే ఉంటారు. పేర్లు నేను చెప్పానని మాత్రం చెప్పకు."

మొదటి ఇల్లు విశ్రాంత ఆచార్యుడిది. హాల్లో సోఫాకు ఎదురుగా, వచ్చినవాళ్ళకు కనబడేలా కంప్యూటరు పెట్టారు. దాని మీద అల్లిన గుడ్డ కప్పారు. పచ్చతాళం కనబడేంత మేర గుడ్డను కత్తిరించి చుట్టూ కుట్టు వేశారు. చీమలమ్మాయి విషయం చెబితే ఆయన కోప్పడలేదు. లేచి వెళ్ళి తెర మీది దుమ్మును చొక్కా కొసతో తుడిచాడు.

"విభాగాధిపతిగా ఉన్నప్పుడు గది ఉండేది. కారుండేది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు," అన్నాడు. "ఇప్పుడు ఇదొక్కటే. పొద్దున లేచి ఆ పచ్చరంగు చూస్తే, సరే ఇంకా లోపలే ఉన్నాం అనిపిస్తుంది. ఒకసారి బయటికొస్తే మళ్ళీ రానిస్తారా తల్లీ?"

చీమలమ్మాయి కాఫీ తాగి లేచింది.

రెండో ఇల్లు డీన్ గారిది. ఆయన లేరు. కంప్యూటరు ముందు ఆయన బావమరిది కూర్చుని ఏదో ఆటల పోటీ చూస్తున్నాడు. డీన్ గారి భార్య బిస్కెట్లు పెట్టి, తమ్ముణ్ణి మురిపెంగా చూసింది. "వాడికి మామూలు ఇంటర్నెట్ పడదమ్మా. ఇందులో అయితే భద్రంగా ఉంటుందట."

బావమరిది తల తిప్పకుండానే వివరించాడు. "విశ్వవిద్యాలయం మీదుగా చూస్తే ఏం చూసినా పరిశోధనే."

మూడో ఇంట్లో తలుపు తీసినావిడ చీమలమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. బల్ల, దాని మీద కళ్ళజోడు, పక్కన వెలుగుతున్న కంప్యూటరు. ఆచార్యుల వారు పోయి ఏడాది కావస్తోంది.

"పాస్‌వర్డ్ నాకు తెలీదు. ఆపితే మళ్ళీ రాదన్నారు," అందావిడ. "ఆయన ఆ పూట తెరిచిన పేజీ అలాగే ఉంది. ఉండనీ అని..."

వెళ్ళొస్తానని చీమలమ్మాయి వెనక్కి తిరిగింది. కుర్చీ మీద ఆనించి ఉన్న ఫలకం కంట పడింది. అత్యధిక సమయం వీపీఎన్‌లో గడిపినందుకు ఆచార్యుల వారికి ఆ ఏటి ఉత్తమ వినియోగదారు పురస్కారం వచ్చింది. ఆయన ఏడాదిలో ఒక్క క్షణమైనా సెలవు తీసుకోలేదని ఉపకులపతి సభలో కొనియాడారట. అంతటివాడు స్వయంగా వచ్చి పురస్కారం అందుకోకపోవడం ఆయన నిరాడంబరతకు నిదర్శనమని కూడా అన్నారట.

బయటికొచ్చి గైడు గారికి ఫోన్ చేసింది. కొంతసేపు నసిగాక ఆయన అసలు సంగతి చెప్పారు. "నేనూ లోపలే ఉన్నాననుకుంటానమ్మా. ఎలా ఆపాలో తెలీదు. తెలిసినా, అందరూ ఉన్నప్పుడు నేనొక్కణ్ణే బయటికొస్తే ఏం బావుంటుంది?"

ఇంటికొచ్చి మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. గడువు ఇంక ఎల్లుండే. అమ్మ చెయ్యి చాచి జుట్టు నిమిరింది.

"పిచ్చిదానా, బస్సులో సీటు దొరికినవాణ్ణి లెమ్మంటే ఎవడు లేస్తాడే? టికెట్లు చూసేవాడు ఎక్కాడని చెప్పు. దూకేస్తారు."

"వాళ్ళంతా పెద్దవాళ్ళమ్మా."

"మీ నాన్న మాత్రం చిన్నవాడా? పెళ్ళయిన కొత్తలో నన్ను సీట్లో వదిలేసి దూకేశాడు."

చీమలమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కాస్త ఆలోచించి డీన్ గారి ఇంటికి ఫోన్ చేసింది.

"మేడమ్, బిస్కెట్లు పెట్టారు, ఆ కృతజ్ఞత కొద్దీ చెబుతున్నాను. ఎవరితోనూ అనకండి. వీపీఎన్‌లో ఉన్నవాళ్ళు ఇన్నాళ్ళూ లోపల ఏం పని చేశారో తనిఖీ చేస్తారట. ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారట."

డీన్ గారి భార్య నోట్లో నువ్వుగింజ నానదన్నది క్వార్టర్స్‌లో అందరికీ తెలిసిన సత్యం. పనిచేసే నెట్‌వర్క్ విశ్వవిద్యాలయంలో ఆవిడొక్కతే. ఆ పూటే, మేధావుల చరిత్రలో కనీవినీ ఎరుగని పలాయనం జరిగింది. దొంగలుపడ్డ ఇంట్లోలా కేకలు, పరుగులు. ఎలా ఆపాలో తెలియనివాళ్ళు ప్లగ్గులు పీకారు. ప్లగ్గు అందనివాళ్ళు మెయిన్ ఆపి ఇల్లంతా చీకటి చేశారు. బావమరిది ఆటల పోటీని చివరి నిమిషంలో వదులుకున్నాడు. అందరికంటే ముందు బయటికి దూకింది ఉపకులపతి గారి కనెక్షనేనని, ఈ మాట ఎవరికీ చెప్పవద్దని, నెట్‌వర్క్ అధికారి అందరికీ చెప్పాడు. ఏ దాడికీ చలించని ఆ సురక్షిత వ్యవస్థ, "ఏం చేస్తున్నారు" అన్న ఒక్క ప్రశ్నకు ఖాళీ అయిపోయింది.

లోపల మిగిలింది ఒక్కరే. పోయిన ఆచార్యుడు. ఆయనకు తనిఖీ భయం లేదు.

అమ్మ మంచం పక్కన తాళం పచ్చబడింది. చీమలమ్మాయి లెక్కలు తెచ్చుకుంది, పట్టికలు సరిచూసుకుంది, ఆ రోజూ మర్నాడూ కూర్చుని చివరి అధ్యాయం ముగించి గ్రంథాన్ని సమర్పించింది. "విజయవంతముగా స్వీకరించబడినది" అన్న అక్షరాలను అమ్మ చేత కూడా చదివించింది.

వెంటనే ఫోన్ మోగింది. విశ్రాంత ఆచార్యుడు.

"తనిఖీ అన్నారమ్మా, భయపడి ఆపేశాను. ఇప్పుడేమో ఎర్రగా ఉంది. మళ్ళీ వస్తుందంటావా?"

వస్తుంది సార్ అంది చీమలమ్మాయి.

ఆ తర్వాత గైడు గారు. ఈసారి ఆయన గొంతులో ఆందోళన. "సమర్పించావా? మంచిది. బయటికి మాత్రం రాకు! తనిఖీ లేదు, గినిఖీ లేదు, ఉత్త పుకారట. పొద్దున్నుంచి అందరూ మళ్ళీ ఎగబడుతున్నారు, నాకే దొరకలేదు. నీకింకా వైవా ఉంది, సవరణలుంటాయి, ఆ తర్వాత ఉద్యోగం... చూసుకో మరి."

"పనైపోయిందిగా, ఆపెయ్యవే దాన్ని," అంది అమ్మ. "వేడి నా మొహానికి కొడుతోంది."

"ఉండనీలే అమ్మా. రేపు మళ్ళీ ఏం అవసరం పడుతుందో," అంటూ చీమలమ్మాయి ల్యాప్‌టాప్‌ను అటువైపు తిప్పింది. తీగ ఊడిపోకుండా స్టూలు కాలికి చుట్టింది.

మర్నాడు ఆమె జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, నా గడువు ఈ శుక్రవారమే. నిన్నటి నుంచి ప్రయత్నిస్తున్నా, లోపలికి పోనివ్వడం లేదు. పది నిమిషాలు దొరికితే చాలు. నీకు తెలిసినవాళ్ళెవరైనా లోపల ఉన్నారా అక్కా?"

చీమలమ్మాయి తెర వైపు చూసింది. తాళం పచ్చగా, నిబ్బరంగా ఉంది.

"అయ్యో, నా పరిస్థితీ అదేనే," అంది. "ఖాళీ లేదనే వస్తోంది. ఏం మనుషులో, ఒక్కసారి దూరితే కదలరు కదా! ఓపిక పట్టు."

ఆమె గొంతు వణకలేదు, మాట తడబడలేదు. అబద్ధమని పోల్చుకోవడానికి ఆ గొంతులో ప్రత్యేకంగా ఏమీ లేదు. అచ్చం మీ గొంతులా, నా గొంతులా ఉంది.