గాలా, బొగ్గా

ఆ ఉదయం షాహిదా వేసుకున్న పథకం చిన్నదే. పదకొండుకు మున్సిపాలిటీ ఇంజనీరు అమ్జద్ తమ ఇంటికి వస్తాడు. బోరు నీళ్లను బాగుచేసే పద్ధతేదో ఆయనకు చెప్పేసి, మధ్యాహ్నం బస్సుకు మదనపల్లెలో తను పనిచేసే నీటి పరీక్షల ల్యాబుకు వెళ్లిపోవాలి. పుంగనూరులో వాళ్ల వీధి మొదట్లోని పెట్రోలు బంకులో భూమిలో ఉన్న ట్యాంకు కారి, వీధి బోరు నీళ్లు పెట్రోలు వాసన కొట్టడం మొదలై నెలలవుతోంది. అప్పటినుంచి అందరికీ ట్యాంకరు నీళ్లే గతి.

తెల్లవారగానే టీ గ్లాసుతో మేడెక్కి ల్యాబులో తన పైఅధికారికి ఫోన్ చేసింది.

"రెండూ బాగా సూసినాను సార్. గాలి ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు. బొగ్గు మంచిదే గానీ, కొన్నాళ్లకు పనికిరాకుండా పోతాది, మారుస్తానే ఉండాల. అందుకే రెండూ కావాలంటాను. ముందు గాలి, ఆ తర్వాత బొగ్గు. పదకొండుకు వస్తాండారు, ఈ పొద్దే ఖాయం చేసేస్తాము."

నీళ్లలోకి గాలి ఊది పెట్రోలును ఆవిరిగా తరిమేయడం ఒక పద్ధతి. నీళ్లను బొగ్గు పొరల గుండా పంపి దాన్ని పీల్పించేయడం ఇంకొకటి. పక్క మేడ మీద వడియాలు పెడుతూ ఆ ఫోను మాటలు విన్న విజయమ్మకు ఇదంతా తెలీదు. ఆమెకు తెలిసిందల్లా, షాహిదాకు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని.

విజయమ్మ గబగబా దిగి ఎదురింటి అంకమ్మ దగ్గరికి వెళ్లింది. "షాహిదాకు రెండు సంబంధాలొచ్చినాయంట. పదకొండుకు ఖాయం చేసుకునేకి వస్తాండారంట. ఒకడు గాలోడు, ఇంకోడు బొగ్గుల యాపారి. ఆ పిల్ల ఇద్దరూ కావాలంటాండాది."

"ఇద్దరా?"

"ముందు గాలోడంట. ఆ తర్వాత బొగ్గులాయప్ప. ఆయప్పను గూడా మారుస్తానే ఉండాలంట."

అంకమ్మ కడుపులో ఆ మాట నిలవలేదు. కుప్పంలో ఉండే షాహిదా పినతల్లి రబియాకు ఫోన్ చేసింది. రబియా ఉన్నపళాన బస్సెక్కింది. వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లయినా మర్యాద మర్యాదేనని మైసూరుపాకు కూడా కొనుక్కుంది.

పదకొండుకు అమ్జద్ ఫైలు పట్టుకుని వచ్చేసరికి వీధంతా ఆ ఇంటి ముందే ఉంది. షాహిదా తండ్రి హనీఫ్, ఇంతమంది ఎందుకొచ్చారో అర్థంకాక, కనబడినవాళ్లందరికీ కుర్చీలు వేస్తున్నాడు. రబియా అమ్జద్‌కు షర్బత్ ఇచ్చి సూటిగా అడిగింది.

"మీరు గాలి తరఫునా, బొగ్గు తరఫునా?"

"నాకైతే గాలే నచ్చిందమ్మా. ఖర్చు తక్కువ."

"పిల్ల బతుకు కంటే ఖర్చు ఎక్కువా?"

"పిల్లలకే కాదమ్మా, ముసలోళ్లకు గూడా ఏం కాదు. ఆర్నెల్లు పెట్టి సూస్తాము. నచ్చకపోతే తీసేస్తాము."

రబియా గోడకు ఆనుకుంది. "హనీఫ్ భాయ్, ఇది నిఖానా, బాడుగిల్లా?"

అప్పుడే షాహిదా రెండు సీసాలతో లోపలినుంచి వచ్చింది. "ఎవరి నిఖా ఖాలా? మేము బోరు నీళ్ల గురించి మాట్లాడతాండాము."

మొదట అంకమ్మ నవ్వింది, ఆ తర్వాత వీధి ఆగలేదు. విజయమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది.

నీళ్ల మీటింగుకు ఎన్నిసార్లు పిలిచినా ఇద్దరు ముగ్గురికి మించి రాని వీధి అది. నీళ్లు బాగుచేసే యంత్రానికి జాగా ఎవరిస్తారో తేలక అమ్జద్ ఫైలు ముందుకు కదల్లేదు. ఇప్పుడు అందరూ ఎదురుగానే ఉన్నారు. షాహిదా ల్యాబులో తేలిన సంగతులు చెప్పి సీసాల మూతలు తీసింది. గాలి ఒక్కటే పట్టిన నీళ్లలో పలచగా వాసన మిగిలింది. గాలీ బొగ్గూ రెండూ దాటిన నీళ్లలో ఏమీ లేదు. ఆ సీసాలు ముక్కుల మీదుగా వీధి చివరిదాకా పోయి వచ్చాయి.

"మా పెరట్లో పెట్టుకోండప్పా" అంది విజయమ్మ, మొహం దాచుకుంటూనే. అమ్జద్ గాలి మీద పట్టు వదిలి రెండింటికీ సరేనన్నాడు. మైసూరుపాకు అందరూ తిన్నారు.

కుప్పం బస్సెక్కబోతూ రబియా, ఇంజనీరుగారికి పెళ్లీడు కొడుకున్నాడేమో ఆరా తీసింది. ముగ్గురూ కూతుళ్లేనట.