స్థానిక జ్ఞాని కావలెను

"స్థానిక జ్ఞానమే పర్యాటకానికి ప్రాణవాయువు! స్కూలు నాయకత్వమే బోధనకు వెన్నెముక!"

మా హెడ్ ఆఫ్ స్కూల్ ప్రొఫెసర్ ద్వారకానాథ్ గారు ఈ మాట అనగానే ఇరవై ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆ సెమిస్టర్లో ఆయన మా క్లాసుకి రావడం అది రెండోసారి మరి! మొదటిసారి ఫైర్ అలారం మోగినప్పుడు వచ్చారు.

ఇక్కడి యూనివర్సిటీల్లో డిపార్టుమెంటుని స్కూల్ అంటారు. ఆ సంగతి తెలియక మా నాన్న ఫోన్లో హడలిపోయాడు.

"ఒరే శౌరీ, పెద్ద చదువుకని మెల్‌బోర్న్ పోతే మళ్లీ స్కూల్లో వేశారంట్రా?"

"స్కూలంటే బడి కాదు నాన్నా."

"హెడ్డు కూడా ఉన్నాడంటున్నావుగా! బెత్తం గానీ వాడుతున్నాడా?"

కొల్లేరు ఒడ్డున ఉన్న మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినవాణ్ణి నేనే మొదలు. ఇక మాస్టర్స్‌కి ఒక్క సబ్జెక్టే మిగిలింది: 'పర్యావరణ పర్యాటకంలో స్థానిక జ్ఞానం'. లాగ్‌బుక్కులో హెడ్ గారి సంతకం పడితే డిసెంబర్లో పట్టా. పడకపోతే సబ్జెక్టు మళ్లీ మొదటినుంచి. అమ్మేమో ఇప్పటికే చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించేసింది. దేవుడికి థ్యాంక్స్ చెప్పేశాక ఫెయిలైతే ఏం బాగుంటుంది?

ఇంతలో, నాయకత్వం వల్ల బోధన ఎంత బాగుపడిందో చూడ్డానికి ఒక కమిటీ వస్తోందని తెలిసింది. నగరం చివర కేరమ్ డౌన్స్ దాటాక ఉన్న ఓ చిత్తడి చెరువు దగ్గర ఫీల్డ్ క్లాసు పెట్టాలి, స్థానిక జ్ఞాని ఒకరు మాట్లాడాలి.

జ్ఞాని అక్కడే ఉంది. పేరు షీనా. ముప్ఫయ్యేళ్లుగా గమ్‌బూట్లు వేసుకుని ఆ చెరువుని కనిపెట్టుకుని ఉంటోంది. ఏ పిట్ట ఎప్పుడొస్తుందో, ఏ గట్టు ఎక్కడ జారుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. స్కూలు ఆఫీసు ఆవిడకి తొమ్మిది పేజీల ఫారం పంపింది. ఆరో పేజీలో: 'మీ స్థానిక జ్ఞానానికి గుర్తింపు పొందిన సర్టిఫికెట్ జతచేయండి.'

"ఇంతవరకు ఏ బాతూ నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదు, డార్లింగ్!" అని రాసి షీనా ఫారం తిప్పి పంపేసింది.

మర్నాడు హెడ్ గారు నన్ను గదికి పిలిచారు. ఆయన నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడతారు. ఆ రోజు "రా నాయనా, కూర్చో" అన్నారు. పనిపడితే తప్ప ఆయనకి తెలుగు రాదు!

"ఆ రోజు స్థానిక జ్ఞానివి నువ్వే."

"నేనా సార్? నేనొచ్చి పద్నాలుగు నెలలేనండి!"

"ఎక్కడో ఒకచోట నువ్వూ లోకలేగా? స్లైడ్లు రెడీగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చదువు. లాగ్‌బుక్కు సంగతి నేను చూసుకుంటాను."

సరే అన్నాను.

కమిటీ వచ్చింది. ఛైర్మన్ స్టీవ్ టోపీ సర్దుకున్నాడు. నేను మొదటి స్లైడు చదివాను: "నేల మాట్లాడుతుంది. మనం వినాలి."

"సూపర్బ్! ముందు ఆ లాన్ మీద అందరం గ్రూప్ ఫోటో దిగుదాం!" అంటూ హెడ్ గారు ముందుకు నడిచారు.

లాన్ ఎక్కడుంది? అక్కడున్నది నీళ్లు. మీద దట్టంగా నాచు. దాని మధ్య నుంచి అప్పుడే ఓ బాతు ఈదుకుంటూ పోయింది, వెనకాల నల్లటి గీత మిగిల్చి. 'పచ్చగా, మట్టంగా కనపడితే కాలు పెట్టకు, ముందు గెడ వేసి చూడు' అన్నది కొల్లేట్లో దోనె మీద నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం.

"సార్, అది గడ్డి కాదండి! నీళ్లండి!"

ఆయన నవ్వు చెదరకుండా పళ్ల మధ్య నుంచి తెలుగులో అన్నారు: "అది స్లైడ్లో లేదు. స్లైడ్లో ఉన్నది చదువు."

"సార్, బాతు ఈదుతోందండి!"

"నోర్ముయ్!"

ఆయన అడుగు వేశారు.

నడుం దాకా దిగిపోయారు! షీనా పరిగెత్తుకొచ్చి కర్ర అందించి, ఏ సర్టిఫికెట్టూ లేకుండానే ఆయన్ని బయటికి లాగేసింది. స్టీవ్ మాత్రం తన్మయంగా ఏదో రాసుకుంటున్నాడు.

రెండు వారాల తరవాత నివేదిక వచ్చింది. 'ఒంటి మీది సూటు కూడా లెక్కచేయక, తానే నీటిలో దిగి ప్రమాదాన్ని ప్రత్యక్షంగా బోధించిన అరుదైన నాయకత్వం.' స్కూలుకి ఐదు నక్షత్రాలు. హెడ్ గారికి షీల్డు.

నా లాగ్‌బుక్కు కూడా తిరిగొచ్చింది. సంతకం ఉంది, దాని పైన 'రిపీట్' అనీ ఉంది. కారణం: 'విద్యార్థి, ఆమోదం పొందిన స్లైడ్లను దాటి మాట్లాడెను.' అమ్మకి ఫోన్ చేసి, ప్రార్థన ఇంకో ఆర్నెల్లు పొడిగించమన్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ అదే క్లాసు. మొదటి ఉపన్యాసం పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంది: 'పచ్చికా? నీరా? బాతు చెప్పే రహస్యం'. వక్త: స్థానిక నిపుణులు ప్రొఫెసర్ ద్వారకానాథ్.

హాజరు తప్పనిసరి. ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. గడ్డి అని రాస్తే సున్నా. నీళ్లు అని రాస్తే పది. 'మా నాన్న చెప్పాడు' అని కూడా రాశాను. సరైన రిఫరెన్సు ఇవ్వలేదని రెండు మార్కులు కోశారు. ఆ రిఫరెన్సు ఎవరి పేరు మీద ఉండాలో ఎర్ర సిరాతో పక్కనే రాశారు: ద్వారకానాథ్.