హుక్స్ ఒక్కటే బాకీ

దుర్గాభవాని మిషన్ తొక్కుతూ కలలు కంటుంది. నాచారంలో గల్లీ మూల మీదున్న ఆ చిన్న గదిలో మిషన్ టకటకమంటుంటే, మనిషి మాత్రం ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. అక్కడ అద్దాల తలుపుల దుకాణం, పైన 'దుర్గా బొటిక్' అని బంగారు రంగు అక్షరాలు. మెట్రో రైలు మెల్లగా పోతుంటే కిటికీ పక్క ఆడవాళ్లందరూ మెడలు తిప్పి చూస్తుంటారు. ఇంత చక్కని కల నడుస్తుండగా జాకెట్లు కుట్టే తీరిక ఎక్కడిది చెప్పండి? అందుకే ఎవరు ఫోన్ చేసినా ఆమె తియ్యగా ఒకటే మాట చెబుతుంది. "అయిపోయింది, హుక్స్ ఒక్కటే బాకీ." అబద్ధమన్న బెరుకు గొంతులో వినిపించదు. కలలో అన్ని జాకెట్లూ కుట్టేసే ఉంటాయి మరి.

ఆ ఆదివారం పొద్దున ఆమె ప్లాను చాలా సాదాగా ఉంది. టీ తాగాలి, రత్నకుమారి మేడం ఇచ్చిన పట్టు ముక్క కట్ చేయాలి, సాయంత్రంలోగా కుట్టి ఇచ్చేయాలి. మేడం ఉప్పల్లో ఉండే ఒక సైంటిస్టు గారి భార్య. కూతురు ప్రజ్ఞ నిశ్చితార్థం కోసం ఆ ముక్క ఇచ్చి నెల దాటింది. నిశ్చితార్థం ఆ రాత్రికే. ఈ ఒక్కటి నచ్చితే పెళ్లి జాకెట్లన్నీ నీకేనని మేడం మాటిచ్చింది. అవి వస్తే ఉప్పల్ దుకాణం చేతికొచ్చినట్టే. ముక్కకు మాత్రం ఇంకా కత్తెర తగల్లేదు.

టీ గ్లాసు దించేలోపే భర్త జీవన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. వారమంతా మల్లాపూర్ కంపెనీలో మిషన్ ఆపరేటరు, సెలవు రోజున భార్య భవిష్యత్తుకు మేనేజరు.

"ముందు మనిషి బ్రాండ్ కావాలెనంట. దుకాణం దాని ఎనకనే వస్తదంట. ఒకాయన వీడియోల చెప్పిండు. ఇయ్యాల లైవ్ పెడదాం."

"మేడం జాకెట్ ఉన్నదయ్యా."

"జర సేపే. అయినంక కుట్టుకో. నువ్వు మొకం కడుక్కొని రా, గోడ సంగతి నేను సూస్కుంట."

బ్రాండ్ అన్న మాట వినగానే ఆమె మళ్లీ ఉప్పల్ వెళ్లిపోయింది. పౌడరు రాసుకుంటూ కస్టమర్లందరికీ తనే లింకు పంపింది. ఈలోగా జీవన్ బట్టల కుప్పలోంచి అన్నిటికన్నా నిగనిగలాడే గుడ్డ తీసి, పెచ్చులూడిన గోడకు తెరలా వేలాడదీశాడు. ఫోన్‌ను ఇస్త్రీ పెట్టెకు ఆనించి, ఎత్తు చాలక అడుగున హుక్సుల డబ్బా పెట్టాడు.

"నమస్తే అక్కలూ, చెల్లెండ్లూ," అని మొదలుపెట్టింది దుర్గాభవాని. "కస్టమర్ నమ్మకమే నా బ్రాండ్. నేను టైమంటే టైమే."

కామెంట్లు రాసాగాయి. జీవన్ ఉత్సాహంగా చదివి వినిపిస్తున్నాడు. మొదటిది మల్లాపూర్‌లో బోర్డులు చేసే కొమురెల్లిది. "చెల్లె, మా ఇంటామె జాకెట్ బోనాలకు ఇచ్చినం, యాడున్నది అంటుండు."

"అయిపోయిందన్నా, హుక్స్ ఒక్కటే బాకీ."

"పక్క గల్లీ కౌసల్యమ్మ, మరి నాది అంటుంది."

"నీది గూడ గంతే పెద్దమ్మా."

"రత్నకుమారి మేడం. మా ప్రజ్ఞ జాకెట్ అయిందా దుర్గా అని."

దుర్గాభవాని కెమెరాలోకి ప్రేమగా చూసింది. "మీది ఎప్పుడో అయిపోయింది మేడం. చేతులు మస్తు కుదిరినయ్. హుక్స్ ఒక్కటే బాకీ."

ఫ్యాన్ గాలికి ఆమె తల వెనక నెమలికంఠం రంగు పట్టు ముక్క హాయిగా ఊగింది.

"మరి నీ వెనకాల వేలాడుతున్నదేమిటి అంటుంది మేడం," అని జీవన్ అదీ గట్టిగానే చదివాడు. తర్వాత తలెత్తి గుడ్డను చూశాడు. "ఇది ఆమెదా?"

ఆ ప్రశ్న కూడా లైవ్‌లోనే వెళ్లింది. కంగారులో అతను ఫోన్‌ను పక్కకు తిప్పాడు. పక్కన ఉన్నది మిగతా బట్టల కుప్ప. బోనాలకు ఇచ్చినవి, దసరాకు ఇచ్చినవి, అన్నీ ఇచ్చిన మడత ఇచ్చినట్టే ఉన్నాయి. ఎవరి ముక్క వాళ్లు గుర్తుపట్టారు. ఫోన్ మళ్లీ డబ్బా మీదికి చేరింది గానీ, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

అందరికన్నా ముందు కౌసల్యమ్మ వచ్చింది. "నా ముక్క మీద టీ గ్లాసు పెట్టినవేందే?" ఆమె వెనక గల్లీ అంతా వచ్చి గదిలో బైఠాయించింది. చివరికి ఆటో దిగి రత్నకుమారి వచ్చింది. తిట్టలేదు. అదే దుర్గాభవానికి ఎక్కువ బాధనిపించింది.

"అమ్మాయి చీర ముందేసుకుని కూర్చుంది. సాయంత్రం ఏడింటికి అబ్బాయి వాళ్లొస్తారు. దానికేం చెప్పమంటావు దుర్గా? హుక్స్ అని చెప్పనా?"

దుర్గాభవానికి సిగ్గుతో ముఖం ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయింది మేడం. ముట్టనే లేదు. గిప్పుడు కుడత," అంది. ఆ గదిలో అంత నిజం పలికి చాలా కాలమైంది.

గోడ మీది గుడ్డ దిగింది. కత్తెర పడింది. మిషన్ టకటకమంది, ఈసారి మనిషి కూడా మిషన్ దగ్గరే ఉంది. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోంచి పట్టు మీద పడి నీలంగా, ఆకుపచ్చగా కదులుతుంటే, తిట్టడానికి వచ్చినవాళ్లు తిట్టడం మరిచి చూస్తూ కూర్చున్నారు. "ఆ లైనింగ్ ఇటు తే," అని కౌసల్యమ్మ సూది అందుకుంది. ఎవరో టీ పెట్టారు. జీవన్ ఊరికే ఫోన్ వైపు చూసి నోరు తెరిచాడు.

"వేలమంది సూస్తున్నరు," అన్నాడు గుసగుసగా. "జాకెట్ అయితదా కాదా అని పందాలు గూడ కాస్తున్నరు."

పొద్దు వాలుతుండగా దుర్గాభవాని దారం తెంపింది. "అయిపోయింది మేడం. హుక్స్ ఒక్కటే బాకీ."

గదంతా పగలబడి నవ్వింది. రత్నకుమారి కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నిజంగనే మేడం," అంటూ దుర్గాభవాని హుక్సుల కోసం వెతికింది. డబ్బా ఫోన్ కింద ఉంది.

జీవన్ చేతులు అడ్డం పెట్టాడు. "అది తీస్తే లైవ్ పోతది. గింతమంది మల్ల దొరుకుతరా? గిప్పుడే నువ్వు బ్రాండ్ అవుతున్నవు."

ఆమె ఫోన్ వైపు చూసింది. కలలోని రైలు కిటికీల్లో ముఖాలన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాత గడియారం చూస్తున్న రత్నకుమారి వైపు చూసింది. డబ్బా లాగేసింది. ఫోన్ బోర్లా పడి ఆరిపోయింది. తానొక వైపు, కౌసల్యమ్మ ఒక వైపు కూర్చుని హుక్స్ కుట్టేశారు. రత్నకుమారి జాకెట్‌ను పసిబిడ్డలా పట్టుకుని ఆటో ఎక్కింది. కల పోయిందనుకుని దుర్గాభవాని ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

అయితే సినిమా చివర్లో కరెంటు పోతే జనం ఊరుకుంటారా? హుక్స్ పడ్డాయా లేదా అని మల్కాజిగిరి నుంచి, ఘట్‌కేసర్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ప్రజ్ఞ ఆ జాకెట్ వేసుకున్న ఫొటో పెట్టాక మరీ ఎక్కువయ్యాయి. దుర్గా బొటిక్ అన్న పేరు ఎవరి నోటా రాలేదు. అందరికీ ఆమె 'హుక్సక్క' అయిపోయింది. పెళ్లి జాకెట్లన్నీ రత్నకుమారి ఆమెకే ఇచ్చింది, కట్టింగ్ లైవ్‌లో చూపించాలన్న షరతు మీద. ఉప్పల్లో దుకాణం కుదిరింది. 'హుక్సక్క' అని బోర్డు చేయమని కొమురెల్లికి చెప్పారు. కొమురెల్లి భార్య జాకెట్‌ను దుర్గాభవాని అందరికన్నా ముందు కుట్టి పంపింది కూడా.

రేపు పొద్దున దుకాణం తెరవాలనగా ఆమె అతనికి ఫోన్ చేసింది. "బోర్డు ఏమైందన్నా?"

"అయిపోయింది చెల్లె," అన్నాడు కొమురెల్లి తియ్యగా. "స్క్రూలు ఒక్కటే బాకీ."

బోర్డుకు ఇంకా రేకు కూడా కొనలేదని దుర్గాభవానికి అర్థమైపోయింది.