అత్తగారి కాళ్ళూ, మగ ఈగా

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అత్తగారిని అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో తమ వాటా వెనక ఉన్న పెరట్లో, తూము పక్కన కుర్చీలో కూర్చోబెట్టాలి. ఈగలు ముసరగానే గాజుగొట్టంతో పీల్చి పట్టాలి. వాటిలో ఒక్కటైనా మగది ఉండాలని కోరుకోవాలి.

ఈగలని పేరే గానీ, ఒక్కొక్కటి నలకంత ఉంటుంది. కుడితే మాత్రం ఎంతటి మనిషైనా గెంతాల్సిందే. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కోడలు రెండేళ్ళ కిందట వాటి రెక్కల మీది మచ్చలు చూసి, ఇది ఏ పుస్తకంలోనూ లేని కొత్త జాతి అని తేల్చి, ఈమధ్యే వ్యాసం రాసి పంపింది. పత్రిక సంపాదకుడు మర్యాదగానే జవాబిచ్చాడు. పదిహేడు ఆడ ఈగలు అందాయట, చాలా సంతోషమట. మగదాని తోక కొన చూడందే కొత్త జాతి అని ఒప్పుకోరట. సోమవారంలోగా మగది చూపించకపోతే వ్యాసం వెనక్కే. చిక్కల్లా ఏమిటంటే, కుట్టేవి ఆడవే. మగవి పూలలో తేనె తాగుతూ బతికేస్తాయి, మనిషి జోలికి రావు.

"కుట్టని మగాణ్ణి పట్టడానికి నన్నెందుకమ్మా కూర్చోబెట్టడం?" అంది అత్తగారు, ఉతికిన తెల్ల దుప్పటిని పూలతీగ కిందున్న మొక్కల మీద ఆరేస్తూ.

"ఆడవి ఉన్నచోటికి ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదత్తయ్యా. పది నిమిషాలు కూర్చోండి చాలు. కాళ్ళు కదపకండి."

ఏం మాయో గానీ, ఇంట్లో ఇంకెవరి కాళ్ళూ రుచించని ఆ ఈగలకు అత్తగారి కాళ్ళంటే ప్రాణం. ఆ సంగతి ఆవిడకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. అందుకే కాళ్ళు ఈగలకిచ్చి, చెవి ఫోనుకిచ్చి, కూతురితో గొప్పగా చెప్పుకుంది.

"రెండేళ్ళుగా మీ వదిన నన్ను ఈగలకి మేపుతోందే. కాళ్ళ నిండా దద్దుర్లే అనుకో. నేను లేకపోతే దాని పని ఒక్కడుగు ముందుకెళ్ళదు."

ఆవిడ నవ్వు మొహం ఫోనులో కూతురికి కనిపించదు కదా. పెట్టేసిన మరుక్షణం కూతురు అన్నకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వదిన అమ్మని ఈగలకి ఎరగా వేస్తోందట. నువ్వు కళ్ళప్పగించి చూస్తున్నావా?"

అమ్మకీ భార్యకీ నడుమ పదేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి కనుక అతను ఇద్దర్లో ఎవరినీ ఏమీ అడగలేదు. ఈగలే లేకపోతే గొడవే ఉండదనుకుని, చప్పుడు చెయ్యకుండా వీధి వైపు నుంచి వెళ్ళి అపార్ట్‌మెంట్ సెక్రటరీ తలుపు తట్టాడు. దోమల పొగ మిషన్ వాడు ఆ రోజు ఎలాగూ పక్క వీధిలోనే ఉన్నాడు.

మిషన్ వెంట సెక్రటరీ కూడా పెరట్లోకి వచ్చేసరికి కోడలు చేతిలో గాజుగొట్టం పక్కన పెట్టేసింది. రెండు చేతులూ చాచి తూముకి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ పొగ పెట్టడానికి వీల్లేదండీ. ఈ ఈగలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు."

అదే ఆవిడ చేసిన పొరపాటు. సెక్రటరీ మొహం పాలిపోయింది.

"ఎక్కడా లేనివి మన దగ్గరెందుకుండాలి మేడమ్?" అని రెండో మిషన్ కూడా తెప్పించాడు.

సంగతి మెట్లెక్కుతూ చిలవలు పలవలు వేసుకుంది. రెండో అంతస్తులో ఆ ఈగ జ్వరం తెచ్చింది, నాలుగో అంతస్తులో ఒకరిని ఆస్పత్రిలో చేర్పించింది. అయిదో అంతస్తు పెద్దాయన ఏకంగా సూట్‌కేసుతో దిగొచ్చాడు.

"ఇది కుడితే మందు ఉందా అమ్మా?"

"మందు సంగతి తర్వాతండీ, దీనికింకా పేరే పెట్టలేదు," అంది కోడలు, ఉన్నమాటే.

ఆయన ఇంకో మాట అడక్కుండా ఆటో ఎక్కేశాడు. అది చూసి మిగతావాళ్ళు కూడా పొగ పెట్టండి, పెట్టండి అని సెక్రటరీ మీద పడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు కోడల్ని చెరో చెయ్యీ పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయారు. పావుగంటసేపు పెరడు కనిపించలేదు.

పొగ విడిచాక కోడలు పెరటి మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. రెండేళ్ళ శ్రమ. రేపే గడువు. ఇక ఆడదీ లేదు, మగదీ లేదు.

"చెల్లాయి ఫోన్ చేసి..." అని మొగుడు నీళ్ళు నమిలాడు.

"నేను గొప్పలు చెప్పుకున్నానురా, చాడీలు కాదు," అంది అత్తగారు. కోడలి వైపు చూడడానికి ఆవిడకు మొహం చెల్లలేదు. ఏదో ఒక పని కావాలి గనుక మొక్కల దగ్గరకు వెళ్ళి దుప్పటి అంచు పట్టుకుంది. "దీన్నిండా నలకలే. దులిపి మళ్ళీ ఉతుక్కోవాలి."

కోడలు చటుక్కున తలెత్తింది.

"అత్తయ్యా, దులపకండి."

అడవుల్లో పురుగులు పట్టేవాళ్ళు చెట్టు కింద తెల్లగుడ్డ పరిచి, పైన పొగ పెడతారు. కొమ్మల్లో దాక్కున్నవన్నీ గుడ్డ మీద రాలిపడతాయి. కాలేజీలో ఎనిమిదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నది ఆ కోడలే. పొద్దుటి నుంచి ఆ పొగను ఆపడానికి ప్రాణాలొడ్డిందీ ఆ కోడలే.

ఆవిడ దుప్పటి మీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టింది. పూలతీగలోంచి రాలిన నలకలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో కొన్నిటికి కుచ్చుల్లాంటి మీసాలున్నాయి. ఆడవాటికి అంత గుబురు మీసాలుండవు.

"మగవే అత్తయ్యా. పదకొండు."

"అంటే రెండేళ్ళుగా మన నెత్తిమీదే కూర్చుని, అంతా చూస్తూ, కిక్కురుమనకుండా ఉన్నారన్నమాట," అంది అత్తగారు, కొడుకు వైపు ఓ చూపు విసిరి.

కోడలు ఆవిడను గట్టిగా కావలించుకుంది. ఈగల తోకలకు ఫొటోలు తీసి సంపాదకుడికి ఆ సాయంత్రమే పంపింది.

మూడు వారాలకు వ్యాసం ఒప్పుకున్నామని ఉత్తరం వచ్చింది. కోడలు దాన్ని పెరట్లో అత్తగారికి చదివి వినిపించింది గానీ, చివర్లో గొంతు తగ్గింది. ఈగలను పూర్తిగా నిర్మూలించామని సెక్రటరీ అంటించిన నోటీసు ఇంకా మెట్ల దగ్గర ఉంది.

"పేరొచ్చేనాటికి జాతి మిగిలిందో లేదో అత్తయ్యా."

అత్తగారు వంగి చీలమండ గోక్కుంది.

"ఆ బెంగ పెట్టుకోకు. నిన్నటి నుంచి మళ్ళీ కుడుతున్నాయి."

ఈసారి ఆ సంగతి ఆవిడ కూతురికి చెప్పలేదు.